అప్పులకు ఊరొదిలిన దేవుడి దగ్గర నాయిన షష్టిపూర్తి

మా ఇంట్లో పుట్టిన తేదీలను ఎవరూ నమ్మరు. ఆధార్ కార్డుల ప్రకారం అవ్వ, పెద్దనాయిన, అమ్మ ముగ్గురూ జనవరి 1నే పుట్టారు. నాయినకు మాత్రం బడిలో సారు రాసిన తేదీ ఒకటుంది, 1963 జూన్‌లో. దాని ప్రకారం ఆయన షష్టిపూర్తి ఎప్పుడో దాటిపోయింది. అవ్వ ఒప్పుకోలేదు.

"పాకిస్తాన్‌తోని లడాయి అయిన ఏడు పుట్టిండు వీడు. జాతర ఇంక నాల్గు దినాలుందనంగ పుట్టిండు. పురుడని నన్ను కొండకు తోల్కపోలే. నాకు యాదుండదా?" అంది.

ఆ యుద్ధం 1965లో. అయ్యగారు పంచాంగం లెక్క చూసి అది విశ్వావసు నామ సంవత్సరమన్నారు. 60 ఏళ్లు తిరిగి 2025లో మళ్లీ విశ్వావసు వచ్చింది. బడి సర్టిఫికెట్‌ను పక్కన పెట్టేశాం.

హైదరాబాద్‌లో ఫంక్షన్ హాల్ మాట్లాడదామని నేను, పెద్ద ఫ్లెక్సీ కొట్టిద్దామని బావ అనుకున్నాం. నాయిన ఒక్క మాటే అన్నాడు: "కురుమూర్తికి పోదాం." అవ్వ ఇంకో రెండు కలిపింది. అక్క కొడుక్కి మూడో ఏడు, పుట్టువెంట్రుకలు తీయాలి. అక్క పెళ్లయి ఐదేళ్లు, పుట్టింటివాళ్లు ఆడబిడ్డ ఒళ్లో పోసే ఒడిబియ్యం పోయాలి. మూడూ ఒకే ఖర్చులో అయిపోతాయి. దీన్ని భక్తి అనడం కంటే పొదుపు అనడమే నిజం. ఒక్కొక్కరికి ఒక్కో పండుగ చేసేంత డబ్బు మా ఇంట్లో ఏనాడూ లేదు. అందుకే నలుగురు కలిసే చోట నాలుగు పనులూ కానిచ్చే అలవాటు పడింది.

దేవరకద్ర దాటాక చిన్నచింతకుంట మండలంలో, అమ్మాపూర్ దగ్గర ఉంది కురుమూర్తి కొండ. చుట్టూ ఏడు కొండలు, గుహలో వేంకటేశ్వరుడు. పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లకు ఇదే తిరుపతి. దీపావళి వెళ్లగానే బ్రహ్మోత్సవాలు మొదలవుతాయి, జాతర కార్తీకమంతా సాగుతుంది. రైలులో వచ్చేవాళ్లకు కురుమూర్తి పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. మేం డీసీఎం వ్యాను మాట్లాడుకున్నాం. వెనక పరుపులు, కుండలు, బియ్యం మూట, మధ్యలో అవ్వ కుర్చీ.

దారి పొడవునా నాయిన తన బొంబాయి కథలు చెప్పాడు. పెళ్లయిన కొత్తలో, కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని మట్టి పనికి పోయినవాడు. అప్పు తీరేదాకా తిరిగి రావడం కుదరదు. అక్క పుట్టువెంట్రుకలు తీయాల్సిన ఏడు ఆయన రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. "తండ్రి లేంది గుండు గీయిస్తనా?" అని అవ్వ మొండికేసింది. దాంతో అక్క ఐదేళ్ల దాకా పుట్టినప్పటి జుట్టుతోనే, రెండు జడలేసుకుని బడికి పోయింది. నాయిన వచ్చిన ఏడు ఆ జడలు తీస్తుంటే అక్క కంటే అమ్మే ఎక్కువ ఏడ్చిందట. మా దగ్గర ముహూర్తం పంచాంగంలో ఉండదు, వలస పోయినవాళ్లు ఎక్కే బస్సులో ఉంటుంది.

కురుమూర్తి కథ కూడా ఇలాంటిదే. కుబేరుడి అప్పు తీర్చలేక స్వామి తిరుమల విడిచి ఉత్తరానికి నడిచాడట. కృష్ణ ఒడ్డుకు వచ్చేసరికి పాదాలు కందిపోతే, కృష్ణమ్మ పాదుకలు ఇచ్చిందట. అవి తొడుక్కుని ఈ గుట్టల్లోకి వచ్చి ఆగాడని చెబుతారు. పురాణంగా దీనికి ఎంత బలముందో పండితులు చెప్పాలి. నాయినకు మాత్రం రుజువు అక్కర్లేదు. "అప్పులోల్లకు దొరక్కుంట వచ్చినోడు, మన బాధ ఆయనకు ఎర్కనే" అంటాడు.

మేం ఉద్దాల రోజుకే వెళ్లాం. వడ్డేమాన్‌లో మాదిగ కుటుంబాలు ఉపవాసముండి, నియమంతో స్వామికి తోలు పాదుకలు కుడతారు. వాటినే ఉద్దాలంటారు. ఊరేగింపుగా వాటిని కొండకు తెస్తుంటే దారంతా జనమే. డప్పుల మోతలో పక్కవాడి మాట కూడా వినపడదు. వాటిని తలకు తాకించుకోవడానికి ఒకరి మీద ఒకరు పడతారు. ఊళ్లో చెప్పులు కుట్టే చేతిని దూరం పెట్టినవాళ్లు కూడా ఈ రోజు అదే చేతి ముందు తల వంచుతారు. ఒక్క రోజుకే ఎందుకన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న. అవ్వను అడిగితే "దేవుడు ఏడాదంత ఏసుకుంటడు గదా, మనుషులే ఒక్కదినం గుర్తు చేసుకుంటరు" అంది. ఆ తోపులాటలో ఆమెను ముందుకు తీసుకెళ్లడమే మాకు పెద్ద టెన్షన్. ఆమె మాత్రం మోచేతులతో దారి చేసుకుని, మాకంటే ముందే ఉద్దాల కింద తల పెట్టింది.

మెట్లెక్కడం మాత్రం అంత సులువు కాలేదు. 2024 జాతరకు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి ఘాట్ రోడ్డుకు శంకుస్థాపన చేశారు గానీ, ఈసారికి మాకు మెట్లే దిక్కు. అవ్వ కూర్చున్న చోటల్లా ఒక సంగతి చెప్పింది. ఇక్కడ మీ తాతకు చెప్పు తెగింది, ఇక్కడ మీ మేనత్త తప్పిపోయి బొంగుపేలాల దుకాణంలో దొరికింది... పైకి చేరేసరికి మా ఇంటి చరిత్రంతా అయిపోయింది.

పిల్లాడిని ఒళ్లో పెట్టుకోవాల్సింది మేనమామనే కాబట్టి కూర్చున్నాను. వాడు కత్తి చూడగానే కేకలు మొదలుపెట్టాడు. మంగలి తాత అలవాటైన చేత్తో తల తడిపి, "మామ జేబులో ఏముందో చూడు" అని మాయ చేసి నిమిషాల్లో కానిచ్చేశాడు. జేబులో ఉన్న ఫోన్ వాడి చేతికి, అటునుంచి నీళ్ల బకెట్లోకి పోయింది. ఫొటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి. అక్క కాసేపు బాధపడింది గానీ, గుండుకు గంధం పూశాక ఆ సంగతే మరిచిపోయింది.

నాయిన, అమ్మ స్వామి ముందు దండలు మార్చుకున్నారు. అమ్మకు మళ్లీ పుస్తె కడుతుంటే నాయిన చేతులు వణికాయి. వెనకనుంచి పెద్దనాయిన "ఇప్పుడేం భయంరా, పారిపోయే వయసు దాటింది" అనేసరికి లైన్లో ఉన్న తెలియనివాళ్లు కూడా నవ్వారు.

కొండ దిగి కింద పొయ్యి రాజేశాం. స్వామికి నైవేద్యంగా పెట్టే దాసంగమంటే మా ఇంట్లో కొత్త మట్టికుండలో అన్నం, పచ్చిపులుసు. చింతపండు పిసికింది అమ్మ, ఉప్పు చాలదని తేల్చింది అవ్వ. నైవేద్యమయ్యాక అక్కకు పసుపు కలిపిన ఒడిబియ్యం పోశారు. మొదటి దోసిలి అమ్మది, ఆ తర్వాత అవ్వది. పుట్టింటి సొమ్ము కదా అని బావ మూట కట్టే ముందే బియ్యం ఏ రకమని అడిగాడు. అవతల జాతరలో సీకుల మీద మాంసం కాలుస్తున్న వాసనకు ఆయన ఎంతోసేపు ఆగలేడని మాకు తెలుసు, ఆగలేదు.

తినేటప్పుడు అయ్యగారు చెప్పిన ఇంకో మాట బయటికొచ్చింది. 80 ఏళ్లు దాటి కొన్ని నెలలైతే వెయ్యి పున్నములు చూసినట్టు, సహస్ర చంద్ర దర్శనం చేయొచ్చు. మరి అవ్వకు ఎన్నేళ్లు? నిజాం కాలం చివర్లో కోయిల్‌సాగర్ కట్ట పని నడుస్తుంటే తనను జోలెలో వేసుకుని వాళ్లమ్మ మట్టి మోసిందట. ఆమె దగ్గరున్న ఆధారం అదొక్కటే. పెద్దనాయిన వేళ్ల మీద లెక్కేసి, వచ్చే ఏడుకు సరిపోతుందన్నాడు.

"పున్నములు నాకెందుకు? పుణెల ఉన్న చిన్నోడు పిల్లలను తీస్కొని వస్తడా రాడా, అది అడుగు" అంది అవ్వ.

బాబాయికి అక్కడినుంచే ఫోన్ చేశాం. సెలవు దొరకదన్నాడు, అవ్వ ఫోన్ లాక్కుని నాలుగు తిట్టాక దొరుకుతుందన్నాడు. బావ వచ్చే ఏడు దీపావళి ఎప్పుడో వెతికాడు. 2026 నవంబర్ 8, ఆదివారం. డీసీఎం డ్రైవర్‌కు అక్కడే 500 బయానా ఇచ్చేశాం.