దుకాణం మారిన వేసవి, కొత్తవాడలో మా పిల్లలు

విదేశంలో పిల్లలను పెంచే మా తరం తల్లిదండ్రులలో చాలామంది తెలుగును వారాంతపు బడికి, బతుకమ్మను తెలుగు సంఘం వారి హాలుకు అప్పగించి, మిగిలిన భారమంతా వేసవి సెలవుల మీద వేస్తారు. టెక్సస్‌లో మేమూ అదే చేస్తూ వచ్చాము. అయితే మా ఇద్దరు పిల్లలకు వరంగల్ చుట్టాల ఊరుగా మాత్రమే మిగిలిపోకుండా కాపాడింది వాటిలో ఏదీ కాదని, ఒక దుకాణపు పని అని ఇప్పుడు అనిపిస్తోంది. మేము నడుపుతున్న చిన్న ఆన్‌లైన్ దుకాణాన్ని 2025 వేసవిలో ఊకామర్స్ నుంచి షాపిఫైకి, అంటే దుకాణం నడిపే ఒక వేదిక నుంచి మరో వేదికకు, మార్చవలసి వచ్చింది. ఆ పని హనుమకొండలో మా అమ్మగారింట్లో కూర్చొని, పిల్లల చేతనే ఎక్కువ భాగం చేయించాము.

దుకాణంలో మేము అమ్మేవి వరంగల్‌లోని కొత్తవాడలో నేసే దర్రీలు (నేల మీద పరిచే నేత పరుపులు), పెంబర్తి ఇత్తడి సామాను, చేర్యాల పటాలు, మాస్కులు. ఊకామర్స్ అనేది వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ గనుక సర్వరు, ప్లగిన్ల (అదనపు హంగుల) అప్‌డేట్లు, భద్రత అన్నీ దుకాణదారే చూసుకోవాలి. మా ఆయన ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ఆ చాకిరీ చేసేవారు. షాపిఫైకి నెలనెలా రుసుము కట్టాలి గాని ఆ బాధ్యతలు దుకాణదారు మీద ఉండవు. లెక్క వేసుకుంటే రుసుమే నయమనిపించింది. హనుమకొండ నుంచే ఎందుకు చేశామంటే, పాత జాబితాలోని కొలతలు, ఫొటోలు, వివరణలు సరుకు తయారయ్యే చోట తప్ప సరిచూసుకునే వీలు లేదు.

మొదటి చిక్కు తెలుగు అక్షరాలతోనే వచ్చింది. పాత దుకాణం నుంచి సరుకుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (పట్టికను మామూలు అక్షరాలుగా దాచే ఫైలు) దించుకొని మా అబ్బాయి నేరుగా ఎక్సెల్‌లో తెరిచాడు. ఇంగ్లీషు గడులన్నీ సక్రమంగానే ఉన్నాయి. తెలుగు వివరణ ఉండవలసిన గడుల్లో మాత్రం నెత్తి మీద గీతతో ఒక లాటిన్ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్ మైనస్ గుర్తో, ఆ తర్వాత ఇంకేదో, మళ్ళీ అదే వరుస. పన్నెండేళ్ళ మా వాడికి తెలుగు చదవడం అంతంత మాత్రమే అయినా, ఈ గుర్తులు మూడేసి చొప్పున తిరిగి వస్తున్నాయని వాడే కనిపెట్టాడు. అక్షరాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం గాని గుణింతపు గుర్తు గాని ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. ఎక్సెల్ ఆ మూడింటినీ మూడు వేర్వేరు లాటిన్ గుర్తులుగా చదివింది. డేటా మెనూలో నుంచి ఫైలును దిగుమతి చేసుకొని యూటీఎఫ్-8ను సూచించే 65001 అనే సంకేతాన్ని ఎంచుకోగానే వివరణలన్నీ చక్కబడ్డాయి. వాడు ఈ సంగతిని వాళ్ళ అమ్మమ్మకు వచ్చీరాని తెలుగులో వివరిస్తే ఆమె, "అంటే మనది ఒక్క అక్షరం మోయనీకి ముగ్గురు మనుషులు కావాల్నా?" అని అడిగింది. కంప్యూటర్ పాఠం ఇంతకంటే సూటిగా చెప్పిన వారిని నేను చూడలేదు.

అక్షరాలు వచ్చాయి గాని అన్నీ సరిగ్గా వచ్చాయో లేదో ఎవరో ఒకరు చదివి చూడాలి కదా. పదిహేనేళ్ళ మా అమ్మాయి అక్షరం అక్షరం కూడబలుక్కొని పైకి చదువుతుంటే, అమ్మ మంచం మీద కూర్చొని వింటూ తప్పు పలికినచోట ఆపేది. వారాంతపు బడిలో ఆ పిల్ల కొన్నేళ్ళుగా వాచకాలు చదువుతూనే ఉంది, కాని అక్కడ తప్పు చదివినందువల్ల ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ ఒక పదం తప్పిపోతే కొనేవారి ముందుకు అదే పదం వెళుతుంది. ఆ భయమే ఆమె చేత శ్రద్ధగా చదివించిందని నా అభిప్రాయం.

ఆ తర్వాత లింకుల పని వచ్చింది. వెబ్ చిరునామాలో తెలుగు అక్షరం ఒక్కొక్కటి శాతం గుర్తులతో కలిపి తొమ్మిది గుర్తులుగా మారుతుంది. చిరునామాలో సరుకు పేరు ఉండే భాగానికి వర్డ్‌ప్రెస్ 200 గుర్తుల వరకే చోటిస్తుంది గనుక, గుణింతాలను విడిగా లెక్కపెడితే ఇరవై రెండింటి తర్వాత సరుకు పేరు తెగిపోతుంది. అలా మధ్యలో తెగిన పాత చిరునామాలనే మా కొనుగోలుదారులు వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకొని ఉన్నారు. పాత చిరునామా ఏ కొత్త పేజీకి చేరాలో చెప్పే 301 మళ్ళింపుల పట్టికను అబ్బాయి తయారు చేశాడు. ఇటువంటి మళ్ళింపులను కనీసం ఏడాదిపాటు ఉంచమని గూగుల్ చెబుతుంది. మేము తీసివేసే ఉద్దేశంలో లేము.

అసలు పని కొత్తవాడలో జరిగింది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక సరుకని తెలిపే జీఐ) లభించింది. మా సరుకు నేసే పెద్దాయన ఇంట్లో మగ్గం ముందు గదిని దాదాపు పూర్తిగా ఆక్రమించి ఉంటుంది. మనుషులు గోడ వెంబడి నడవాలి. అమ్మాయి టేపు పట్టుకొని నాలుగడుగుల దర్రీని రెండు చివరలా కొలిచింది. ఒక చివర అంగుళం తక్కువ వచ్చింది. ఏ అంకె వేయాలని ఆమె అడిగితే ఆయన, "చేత్తోని నేసిందానికి గింత అటిటు ఉంటది బిడ్డా" అన్నాడు. "మరి కొన్నవాళ్ళు తిట్టరా తాతా?" అని ఈ పిల్ల. చివరకు ప్రతి దర్రీ పేజీలోనూ అంగుళం వరకు తేడా ఉండవచ్చుననే వాక్యం చేరింది. దాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తానే రాసింది.

రంగుల దగ్గర చర్చ మరింత సాగింది. షాపిఫైలో ఒక్కో సరుకుకు మూడు రకాల ఎంపికలే ఇవ్వవచ్చు; మా పాత దుకాణంలో కొలత, రంగు, నేత, అంచు అని నాలుగు ఉండేవి. ఏది తీసివేయాలో కంప్యూటర్ ముందు కూర్చొని తేల్చలేక పిల్లలు పెద్దాయననే అడిగారు. తాను నేసే రకాలలో నేతను బట్టే అంచు ఉంటుందని, దాన్ని వేరుగా అడిగేవారు ఉండరని ఆయన చెప్పగా అంచు పోయింది. ఎండలో ఆరేసిన ఎర్ర దర్రీని చూపి అబ్బాయి, "ఈ రంగు మళ్ళీ వస్తుందా?" అని అడిగాడు. "వస్తది. గని గిట్లనే రాదు." ఆ ఒక్క మాటతో మా జాబితా అమాంతం పెరిగిపోయింది, ఎందుకంటే అద్దకం మారినప్పుడల్లా దానికి వేరే పేజీ, వేరే ఫొటో పెట్టాలని అమ్మాయి పట్టుబట్టింది. తమ్ముడు విసుక్కున్నాడు గాని, నేను అక్క పక్షమే వహించాను.

మరో తిరకాసు జిల్లాలది. మా పాత వివరణలన్నింటిలో "వరంగల్ జిల్లా" అనే ఉంది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు పెంబర్తి జనగామకు, చేర్యాల సిద్దిపేటకు వెళ్ళాయి. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా మారింది. పిల్లలు పటం ముందు పెట్టుకొని ఒక్కొక్క ఊరినీ సరిదిద్దారు.

పాస్‌వర్డులు ఒక దుకాణం నుంచి మరొక దుకాణానికి వెళ్ళవు గనుక, కొత్త దుకాణంలో ఈమెయిలుకు వచ్చే సంకేతంతో లోపలికి రావలసి ఉంటుందని పాత కొనుగోలుదారులందరికీ ఉత్తరం రాయాలి. వారిలో చాలామంది మా తల్లిదండ్రుల వయసు వారు. అమ్మాయి తెలుగు చిత్తు చాలా శ్రమపడి రాసింది: "నీ ఈమెయిల్ చూడు, అందులో వచ్చిన నంబర్ కొట్టు." అమ్మ విని, "ఎవలకు రాస్తున్నవే, నీ దోస్తులకా?" అంది. విదేశంలో పెరిగే పిల్లలకు మనం ఇంట్లో వాడే ఏకవచనమే తెలుగంతా అయిపోతుంది. వాళ్ళను "మీరు" అని పిలిచేవారు గాని, వాళ్ళ చేత అనిపించుకునేవారు గాని ఆ ఇంట్లో ఉండరు. ఉత్తరం మళ్ళీ రాయించాము. ఆ తర్వాత కొత్తవాడ తాతతో ఫోనులో "మీరు" అనడం మొదలుపెట్టి, మధ్యలో జారి, మళ్ళీ సర్దుకుంటోంది.

పనంతటిలో మేము నిజంగా వాదులాడుకున్నది మా గురించి చెప్పే పేజీ మీద. పాత పేజీలో పిల్లలిద్దరూ చిన్నప్పుడు బతుకమ్మ పక్కన పట్టుబట్టలతో నిలబడ్డ ఫొటో ఉండేది. దాన్ని కొత్త దుకాణంలోకి తేవద్దని అమ్మాయి ఖండితంగా చెప్పింది. మేము నేసేవాళ్ళం కాదు, నేసేవాళ్ళ పిల్లలం కాదు, ఆ ఫొటో చూసినవారు అలా అనుకుంటారు అన్నది ఆమె వాదన. ఆ ఫొటో చూసి ఆప్యాయంగా కొనేవారు ఉన్నారని మా ఆయన అన్నారు, అది నిజమే. ఆమె మాట నాకు పూర్తిగా నచ్చలేదు, అయినా మొహం తనది కాబట్టి ఫొటో తీసేశాము. దాని స్థానంలో పెద్దాయన ఫొటో పెట్టవచ్చా అని ఆయననే అడగాలని కూడా ఆమే అంది. "నా మొకమెందుకు బిడ్డా, మగ్గం పెట్టుండ్రి" అన్నాడాయన. ఇప్పుడక్కడ మగ్గం ఉంది. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళాయని కింద రాసి, అవి పైకి కుచ్చు లేచిన తివాచీలని, మేము అమ్మేవి కుచ్చు లేని దర్రీలని వెంటనే మరో వాక్యం చేర్చింది.

కొత్త వేదికలో ప్రతి సరుకుకూ తయారైన దేశం, సరుకు రకాన్ని తెలిపే కస్టమ్స్ సంకేతం నింపే గడులు ఉన్నాయి. టెక్సస్ నుంచి పంపినా, నేసిన చోటే దేశం అవుతుందని పిల్లలు అక్కడ నేర్చుకున్నారు. (మనుషులకు అలాంటి గడి ఒక్కటే పెట్టకపోవడం మేలు.) ఆ గడులు నింపడం వృథా కాలేదు: 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29న అన్ని దేశాలకూ ఎత్తివేయడంతో, అప్పటినుంచి మాకు వచ్చే ప్రతి చిన్న పార్శిలుకూ ఆ వివరాలు కావలసి వస్తున్నాయి.

ఇప్పుడు అబ్బాయి దృష్టి చపాట మిరప మీద పడింది. లావుగా, కారం తక్కువగా, రంగు ఎక్కువగా ఉండే ఈ వరంగల్ మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఆహార పదార్థాలు దిగుమతి చేసుకోవాలంటే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు సమాచారం ఇవ్వాలి, తయారీ కేంద్రాన్ని నమోదు చేయించాలి. నిబంధనలన్నీ చదివి ఖర్చులతో సహా ఒక పేజీలో రాసి తెస్తేనే మాట్లాడదామని వాళ్ళ నాన్న షరతు పెట్టారు. మొదటి చిత్తు వచ్చింది. అందులో గోదాము అద్దె లేదని తిప్పి పంపారు.