వెనక్కి తిప్పి చూడండి

పికాసో పళ్లెం, నా రెండు చేతుల్లో! మ్యూజియంలో అయితే అద్దం అవతలి నుంచి దండం పెట్టుకుని రావాల్సిందే. లండన్‌లో వేలానికి ముందు పెట్టే ప్రదర్శనలో మాత్రం అడిగితే తీసి చేతికిస్తారు. మనది కొనే మొహమా కాదా అని కూడా చూడరు, పాపం.

ముందు వైపు నాలుగు గీతల్లో ఒక ముఖం. కానీ సేకరించేవాళ్లు ముందు చూసేది వెనక వైపే. అక్కడ పచ్చి మట్టిలో నొక్కిన మదూరా ముద్ర ఉంది, అంటే దాన్ని తయారుచేసిన కుండల కార్ఖానా గుర్తు. వేలితో తడిమితే అంచులు తెలుస్తున్నాయి.

1946లో ఫ్రాన్స్‌లోని వల్లోరిస్ ఊళ్లో కుండల ప్రదర్శన చూడ్డానికి వెళ్లి, మదూరా నడిపే రామియే దంపతుల దగ్గర మట్టి పట్టుకున్నాడు పికాసో. తర్వాత అక్కడే 633 రకాల డిజైన్లు ఎడిషన్లుగా వచ్చాయి. కొన్ని 25 ప్రతులే, కొన్ని 500 దాకా. ఆయన చెక్కిన అచ్చులో ఒత్తి తీసినవి కొన్ని, ఆయన చేసినదాన్ని చూసి అక్కడి పనివాళ్లు మళ్లీ చేసినవి కొన్ని. రెండో రకాన్ని తక్కువగా చూసేవాళ్లున్నారు. నాకైతే అవే ముద్దొస్తాయి, ఆ పనివాళ్ల చెయ్యి కూడా అందులో ఉంది కదా!

ఎక్కువమందికి అందాలనే ఇన్నేసి చేయించాడట. ఇప్పుడు ధర చూస్తే నవ్వొచ్చింది.

అయినా 500 ప్రతులున్న చిన్న జగ్గు మీద కన్నేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.