కార్ట్రిడ్జ్ (తూటా) కేసుని ఒకటిన్నర మిల్లీమీటరు ఎందుకు పెంచారు

.45 ఏసీపీ అనే తూటా కాల్చే పిస్టల్‌ని, అంతకంటే శక్తిమంతమైన .460 రౌలాండ్ తూటాకి మార్చడమంటే బ్యారెల్ ఒక్కటీ మార్చేస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. కానీ అసలు సంగతంతా తూటా పేలినప్పుడు లోపల పుట్టే ప్రెషర్‌లో ఉంది. .45 ఏసీపీకి గరిష్ఠ ప్రెషర్ చదరపు అంగుళానికి 21,000 పౌండ్లు, రౌలాండ్‌ది దాదాపు 40,000. అంటే ఇంచుమించు రెట్టింపు! పిస్టల్ పైభాగంలో కదిలే స్లయిడ్ మరీ వేగంగా వెనక్కి దూసుకొచ్చి ఫ్రేమ్‌ని బాదుతుంది, అందుకే బ్యారెల్ చివర ఆ విసురు తగ్గించే కంపెన్సేటర్ బిగిస్తారు, అది తీసేసి కాల్చడం మాత్రం పిచ్చిపని.

నాకు బాగా నచ్చింది రౌలాండ్ కేసు, అంటే తూటాలో మందు ఉండే లోహపు గొట్టం, పొడవు. రెండు ఖాళీ కేసుల్ని పక్కపక్కన నిలబెడితే రౌలాండ్‌ది సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు ఎత్తుగా కనిపిస్తుంది. మామూలు .45 పిస్టల్ ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) పొరపాటున కూడా పట్టకూడదనే అలా చేశారు.

1929లో .38 సూపర్ అనే తూటా వచ్చినప్పుడు ఈ జాగ్రత్త తీసుకోలేదు. కొలతలు పాత .38 ఏసీపీవే, ప్రెషర్ మాత్రం చాలా ఎక్కువ, దాంతో అంతకుముందు కోల్ట్ చేసిన .38 ఏసీపీ పిస్టళ్లలో కూడా అది ఇట్టే దూరిపోతుంది. అవి ఆ ప్రెషర్‌కి చేసినవి కావు. తాతల కాలం నాటి పిస్టల్ చేతికొస్తే అది ఏ తూటాకి చేసిందో ముందు దాని మీద చెక్కిన అక్షరాల్లో చదవండి, దయచేసి.