డబ్బులిచ్చి పొడిపించుకున్న వెన్నుపోటు

"ఊళ్లో వెన్నుపోట్లు ఊరికే దొరుకుతుంటే, డబ్బు కట్టి, సంతకం పెట్టి మరీ పొడిపించుకున్నది నువ్వొక్కడివేరా" అన్నాడు మా లెక్కల మాస్టారు, నా ఆపరేషన్ అయిన మర్నాడు. నవ్వబోతే కుట్ల దగ్గర చురుక్కుమంది. నడుం ఆపరేషనైన వాణ్ణి నవ్వించాలనుకుంటే ముందు వాడి చేతికి ఓ దిండివ్వాలి. పొట్టకి గట్టిగా అదుముకుని నవ్వినా, దగ్గినా, తుమ్మినా నొప్పి సగమే ఉంటుంది.

నాకు తెనాలిలో మందుల షాపు. నడుం పట్టేసిందని వచ్చినవాళ్లకి ఇరవయ్యేళ్లుగా బిళ్లలు చింపి ఇస్తున్నవాణ్ణి. చీటీ తెచ్చినవాళ్లు కొందరు, తేనివాళ్లు చాలామంది. నా నడుం పట్టేసినప్పుడూ అదే చేశాను. పొద్దునొక నొప్పి బిళ్ల, రాత్రొకటి, కడుపు మండకుండా ఇంకోటి. నొప్పి పిర్ర మీంచి ఎడమకాలి పిక్కలోకి దిగాక నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్ 75 మొదలెట్టాను. అది మత్తుగా ఉంచుతుంది, తూలిస్తుంది, ఉన్నట్టుండి మానకూడదు. అన్నీ తెలుసు. తెలియడం వేరు, బుద్ధి ఉండటం వేరు.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే నడుం వదులుతుందని మా ఎరువుల కొట్టు బావ ఒక పిల్లాణ్ణి పట్టుకొచ్చాడు. ఆ పూట వద్దన్నందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు తాటిముంజె లాంటిది. పైన గట్టి పొర, లోపల జిగురు. పొర చిరిగి జిగురు బయటికొస్తే పక్కనుంచి పోయే నరం మీద కూర్చుంటుంది. ఆ స్థితిలో పైనెక్కి తొక్కితే ఇంకాస్త ముక్క బయటికి రావచ్చు.

జారిన డిస్కులన్నిటికీ కత్తి అక్కర్లేదు. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గిపోతుంది, బయటపడ్డ జిగురుని ఒళ్లే మెల్లగా కరిగించుకుంటుంది. నేనూ ఆ లెక్కలోనే పడతాననుకున్నాను, పైగా ఎనిమిదో వారంలో నొప్పి తగ్గింది కూడా. అందరికీ టీలు పోయించాను.

సరిగ్గా అప్పుడే చెప్పు జారడం మొదలైంది. నాలుగడుగులు వేశాక చూసుకుంటే ఎడమకాలి హవాయి చెప్పు వెనకెక్కడో పడి ఉండేది. పడినట్టే తెలిసేది కాదు. ఆ తేడాని కనిపెట్టింది మా టైలరు. "బావా, నీ నడకలో ఒక చప్పుడు ఎక్కువైంది. కుడికాలు నడుస్తోంది, ఎడమకాలు చరుస్తోంది" అన్నాడు.

అంతకు ముందు నేను చూపించుకున్న డాక్టరు మూడుసార్లు మందులు మార్చాడు గానీ ఒక్కసారీ నా కాలు ముట్టుకోలేదు. ఆ కోపం ఇంకా పోలేదు. గుంటూరులో రెండో డాక్టరు మంచం మీద పడుకోబెట్టి కాలు నిటారుగా లేపాడు. నలభై డిగ్రీల దగ్గర కేకేశాను. తర్వాత బొటనవేలి మీద తన వేలు పెట్టి "పైకి లేపండి" అన్నాడు. లేవలేదు. "నొప్పి తగ్గిందని సంతోషించారు కదా. నొప్పి తగ్గి బలం పోతే అది తగ్గడం కాదు" అన్నాడు. ఇంట్లో ఎవరైనా చేసుకోగల పరీక్ష ఒకటుంది. మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు నడవండి. మడమల మీద నిలవలేకపోతే నడుం అయిదో పూస కింద నుంచి వచ్చే ఎల్5 నరం, మునివేళ్ల మీద లేవలేకపోతే దాని కిందిదైన ఎస్1 నరం నలుగుతోందని అనుమానించాలి. కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినా, ఒంటేలు బిగుసుకున్నా, అదుపు తప్పినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఎమ్మారైలో చెప్పుకోవడానికేం లేదు, అరగంట సేపు రేకుల షెడ్డు మీద వడగళ్లు. వెండి బిళ్లున్న మొలతాడు లోపలికి రానివ్వరు. బయట నిలబడ్డ కండక్టరు మిత్రుడు దాన్ని జేబులో వేసుకుని మూడు రోజులు మరిచిపోయాడు. నడుం నాలుగో, అయిదో పూసల (ఎల్4-ఎల్5) మధ్య డిస్కు ముక్క బయటపడి ఎల్5 నరాన్ని నొక్కుతోందని రిపోర్టు. "ఇన్నాళ్లకి నీకు వెన్నెముక ఉందని తేలింది" అన్నాడు మాస్టారు ఆ ఫిల్ము వెలుతురుకి పట్టి.

ఆపరేషనన్న మాట బయటికి రాగానే వరసకి మావయ్య ఒకాయన వచ్చి నా భార్య ముందే అన్నాడు: "వెన్నుపూస ముట్టుకుంటే ఇంక మంచమేనమ్మా, అన్నిటికీ సిద్ధపడు." ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు. మాస్టారు ఊరుకోలేదు. "ఇది 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ పత్రికకెక్కించిన ఆపరేషనండీ, మీరు పుట్టకముందుది. ఇప్పుడు సూక్ష్మదర్శినిలో చూస్తూ అంగుళం కోతతో చేస్తున్నారు" అన్నాడు. డిస్కంతా తీసెయ్యరు. బయటపడ్డ ముక్కనీ, లోపల వదులుగా ఉన్నదాన్నీ తీస్తారు. అందుకే నూటికి అయిదు నుంచి పదిమందికి అక్కడే మళ్లీ జారే అవకాశం ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు. దాచకుండా చెప్పినందుకే ఆయన మీద గురి కుదిరింది.

మిత్రులు చేసినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చింది బాత్రూం. మా ఇంట్లో ఉన్నది నేలదొడ్డి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు గొంతుక్కూర్చోకూడదు. బావ కమోడు కుర్చీ తెచ్చి, గోడకి పట్టుకునే కడ్డీ బిగించి, సబ్బూ మగ్గూ నడుమెత్తు అరలోకి మార్చాడు. టైలరు నా పంచెలన్నిటికీ బొందులు కుట్టాడు, జారితే వంగి తీసుకునే పని లేకుండా. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వాడేవాళ్లు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టర్నీ మత్తు డాక్టర్నీ అడగండి, మా బోటి షాపువాణ్ణి కాదు.

ఆపరేషన్ గంటన్నర. మెలకువ వచ్చేసరికి కాల్లో సలుపు లేదు, స్విచ్చి ఆపేసినట్టు.

ఆ రాత్రే అసలు రాత్రి. పొద్దున పదకొండుకి లోపలికి వెళ్లినవాణ్ణి, రాత్రి పదికీ ఒంటేలు రాలేదు. పొత్తికడుపు బిగుసుకుంది. సెలైను చుక్కలు లెక్కపెడుతూ పడుకున్నాను. లోపల రక్తం గడ్డకట్టి నరాలన్నిటినీ నొక్కేసినా ఇలాగే మొదలవుతుందని నాకు తెలుసు. మందుల షాపు చదువు అలాంటి వేళల్లోనే గుర్తొస్తుంది. నర్సమ్మకి చెబితే "మీకన్నీ ఎక్కువ తెలిసి భయపడుతున్నారు, పడుకోండి" అని వెళ్లిపోయింది. ఒంటిగంట దాకా గోడ గడియారం చూశాను. కాలి వేళ్లు కదుపుతూనే ఉన్నాను, అవి కదులుతున్నాయో కదులుతున్నట్టు అనిపిస్తోందో తేలలేదు.

కండక్టరు కిందికి దిగి డ్యూటీ డాక్టర్ని నిద్రలేపి తెచ్చాడు. కుర్రాడే. దూదితోనూ సూదితోనూ కూర్చునే చోటంతా తాకి "తెలుస్తోందా, గుచ్చుకుంటోందా" అని అడిగాడు. గుచ్చుకుంది. ఒక సూది గుచ్చుకున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అదే మొదలు. కాళ్ల బలం చూశాడు, నిన్నటికన్నా తగ్గలేదు. "స్పర్శా బలమూ బాగుంటే ఇది చాలావరకు మత్తుమందూ, ట్రమడాల్ అనే నొప్పి మందూ చేసే పని. రెంటిలో ఏది తగ్గినా వెంటనే స్కాన్ తీయించేవాణ్ణి" అన్నాడు. పక్కకి తిప్పి లేపి నిలబెట్టారు. కండక్టరు కొళాయి తిప్పి "రైట్, రైట్" అని అరిచాడు. బండి కదల్లేదు. చివరికి గొట్టం పెడితే 700 మిల్లీలీటర్లు వచ్చింది. పొద్దున తీసేశాక దానంతటదే నడిచింది. నర్సమ్మ చెప్పిందే నిజమైంది, నాది భయమే. అయినా ఒక్కసారి పొట్ట తడిమి ఉంటే మూడు గంటలు మిగిలేవి. ఆ అంతస్తంతటికీ ఆవిడొక్కతే, అదీ నిజమే.

ఇంటికొచ్చాక మొదటి ఆరు వారాలూ మూడే నిషేధాలు. వంగకూడదు, మెలి తిరగకూడదు, రెండు మూడు కిలోలు మించి ఎత్తకూడదు. లేచేటప్పుడు మోకాళ్లు మడిచి, భుజాలూ పిరుదులూ ఒక్కసారే దుంగలా పక్కకి దొర్లించి, కాళ్లు మంచం దించుతూ మోచేత్తో నెట్టుకుని లేవాలి. కూర్చోవడం ఇరవై నిమిషాలకు మించొద్దు, నడక మాత్రం రోజూ పెంచాలి. మలబద్ధకం రానివ్వకండి, ముక్కితే డిస్కు మీదే ఒత్తిడి. రాత్రి ఇసబ్గోలూ, దానికి తగ్గ నీళ్లూ. కుట్టు దగ్గర రసి కారినా, జ్వరమొచ్చినా, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతున్నా ఫోను చెయ్యాలి. ఆ తలనొప్పి వెన్నునీరు కారుతోందనడానికి గుర్తు కావచ్చు.

ఇంతలో మా ఆవిడ ఒక మొక్కు బయటపెట్టింది. నేను లేచి తిరిగితే ఆంజనేయస్వామి గుడి చుట్టూ నా చేత పొర్లుదండాలు పెట్టిస్తానని! డాక్టరుకి చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పూజారిగారే దారి చూపించారు, పొర్లుదండాలకి బదులు నూట ఎనిమిది ప్రదక్షిణలు. రోజుకి తొమ్మిది చొప్పున పన్నెండు రోజులు. ఫిజియోథెరపీ అతను కూడా అంతకన్నా ఏమీ చెప్పలేదు.

సలుపు ఆ పూటే పోయింది గానీ పాదం మీద తిమ్మిరి పోలేదు. నరం కోలుకోవడం రోజుకో మిల్లీమీటరు లెక్కన, అదీ బాగా సాగితే. అయిదుకి మూడున్న బొటనవేలి బలం ఆరు నెలలకి నాలుగైంది. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కున్నాను. ఇప్పుడు షాపుకి నడుం నొప్పని ఎవరొచ్చినా, బిళ్ల చింపేముందు బల్ల అవతల మడమల మీద నడిపిస్తున్నాను. కొందరు నవ్వుకుంటారు, ఇద్దరు మాత్రం నవ్వలేక ఆగిపోయారు. వాళ్లకి బిళ్లలివ్వలేదు.

సాయంత్రాలు టీకొట్టుకి నడిచి వెళుతుంటే టైలరు పక్కన నడవడు. రెండడుగులు వెనకే వస్తాడు, చప్పుడు వింటూ.