గ్లవ్స్‌లో పట్టని గాజులు

టొరంటోలో దిగిన రోజునే మంచు తుఫాను. మూడు రోజులు ఆ పక్కనే ఉన్న మిస్సిసాగాలో మా తమ్ముడి ఇంటి గడప దాటలేదు. నాలుగో రోజు, 2025 ఫిబ్రవరి 15 రాత్రి, ఆ మంచులోనే బూట్లు ఈడ్చుకుంటూ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలవాళ్లు పదిహేను మంది వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. నాలుగు దేశాల పోటీల్లో భాగంగా మాంట్రియల్‌లో కెనడాకూ అమెరికాకూ మధ్య ఐస్ హాకీ మ్యాచ్. అమెరికా జాతీయగీతం పాడుతున్నంతసేపూ స్టేడియంలో జనం ఈలలు, కేకలతో నిరసన తెలిపారు. రెండు దేశాల మధ్య అప్పుడు నడుస్తున్న మాటల యుద్ధం ఆ అరుపుల్లో వినిపించింది.

ఆట మొదలైంది. బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, పక్, మంచు మీద పడిందో లేదో, ఇద్దరు ఆటగాళ్లు గ్లవ్స్ విసిరేసి, ఒకరి చొక్కా ఒకరు గుంజుకుని పిడిగుద్దులకు దిగారు. వాళ్లను విడదీసి ఆట మళ్లీ మొదలుపెట్టగానే ఇంకో ఇద్దరు. వాళ్ల తరువాత మరో ఇద్దరు. గడియారంలో గడిచింది తొమ్మిది సెకన్లు, జరిగిన కొట్లాటలు మూడు. మ్యాచ్‌కు ముందే తమలో తాము మెసేజ్‌లు పంపుకుని నిర్ణయించుకున్నామని అమెరికా ఆటగాళ్లు తరువాత చెప్పారు. ఇలా కొట్టుకుంటే ఒలింపిక్స్‌లో మ్యాచ్ నుంచే పంపేస్తారు. ఇక్కడ ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెడతారు, అంతే. గదిలో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు కడుపులో తిప్పినట్టయింది.

కాసేపటికి కెనడా ఆటగాడు మిచ్ మార్నర్ అంచున పక్‌తో ఉండగా, తనకన్నా భారీ మనిషి మీదికి దూసుకొచ్చాడు. మార్నర్ పక్‌ను వదిలి పక్కకు తప్పుకున్నాడు. మా తమ్ముడు సోఫాలోంచి లేచి అరిచాడు: "గాజులు తొడుక్కుని ఆడుతున్నాడు వీడు!"

నా మేనకోడలికి పన్నెండేళ్లు. అమ్మాయిల జట్టులో ఆడుతుంది. నేల మీద కూర్చుని తన కర్రకు నల్ల టేపు చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే, "గాజులుంటే గ్లవ్స్ పట్టవు నాన్నా. మా కోచ్ చెవులకున్నవి కూడా తీయించేస్తారు" అంది. అందరూ నవ్వారు. అది నవ్వలేదు. వాళ్ల నాన్న ఆటకు సంబంధించిన మాటే అన్నాడనుకుని, దానికి తగిన జవాబే ఇచ్చింది.

రాత్రి నా పక్కన పడుకుని అడిగింది: "అత్తా, నాన్న ఎందుకలా అన్నాడు? గాజులు తొడుక్కుంటే ఏమవుతుంది?"

ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన దాన్ని. ఏ నుడికారానికైనా అర్థం చెప్పగలను. ఆ రాత్రి చెప్పలేకపోయాను. మగాడివైతే రా. మూతి మీద మీసం లేదా. ఆడదానిలా ఏడుపేమిటి. చీర కట్టుకుని ఇంట్లో కూర్చో. పనిచేయని అధికారి బల్ల మీద గాజులు పెట్టి వచ్చే నిరసనలు మన ఊళ్లలో ఎన్ని చూడలేదు! పెట్టి వచ్చేది చాలాసార్లు ఆడవాళ్లే. నేను కూడా, దెబ్బ తగిలి ఏడుస్తున్న ఏడో తరగతి పిల్లవాణ్ణి "ఆడపిల్లలా ఏడుస్తావేమిటిరా" అని తరగతి ముందు నిలబెట్టిన రోజులున్నాయి. అదే తరగతిలో రెండో వరుసంతా ఆడపిల్లలు. ఆ మాట వాళ్లు ఎలా విని ఉంటారో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సోమవారం ఒంటారియో రాష్ట్రమంతటా ఫ్యామిలీ డే సెలవు. తెల్లవారకముందే మేనకోడలి ప్రాక్టీసుకు బయలుదేరాం. పిల్లకన్నా పెద్ద సంచి, అందులో మోకాలి చిప్పల నుంచి మెడ దాకా కప్పే తొడుగులు. మంచు పరిచిన ఆటస్థలం, రింక్, లోపల కూడా ఊపిరి పొగలా కనిపించేంత చలి. మంచు మీద ఇంకా మగపిల్లల జట్టు ఉంది. వాళ్ల సమయం అయిపోవచ్చింది. మా అమ్మాయిలు స్కేట్లు కట్టుకుని తలుపు దగ్గర వరుసగా నిలబడ్డారు. అద్దం ఇవతల ఒక తండ్రి తన కొడుకును ఉద్దేశించి గొంతు చించుకుని అరిచాడు, "ఆడపిల్లలా ఆడకు!" అని. అరిచింది ఇంగ్లీషులో. నాకు వినిపించింది మాత్రం మా తమ్ముడి గొంతే.

ఆ తండ్రికి రెండు అడుగుల దూరంలో పదహారు మంది ఆడపిల్లలు ఆడటానికి సిద్ధంగా ఉన్నారు. ఒకమ్మాయి వెనక్కి తిరిగి ఆయన వంక చూసింది. మిగిలినవాళ్లు చూడను కూడా లేదు. అలవాటు పడ్డారని అర్థమై, నాకు బాధ ఇంకా ఎక్కువైంది.

నా పక్కన దుప్పటి కప్పుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఆవిడ మనుమరాలు కూడా అదే జట్టు. నా ముఖం చూసి మాట కలిపింది. టొరంటోలోనే 1950ల నడుమ అబీ హాఫ్‌మన్ అనే చిన్నపిల్ల జుట్టు కురచగా కత్తిరించుకుని, పేరును 'అబ్' అని కుదించుకుని మగపిల్లల లీగులో ఆడిందట. సీజన్ దాదాపు మొత్తం ఎవరూ పోల్చుకోలేదు. బాగా ఆడుతోందని ఎంపిక చేసిన జట్టులోకి తీసుకున్నాక, జనన ధ్రువపత్రం తెమ్మన్నప్పుడు తెలిసింది. కోర్టుకు వెళ్లినా ఓడిపోయింది. ఆ పిల్లే పెద్దయ్యాక పరుగుపందేల్లో కెనడా తరఫున నాలుగు ఒలింపిక్స్‌లో పాల్గొంది. "అది ఆడపిల్లలాగే ఆడింది, అందుకే జట్టుకు ఎంపికైంది" అంది ఆవిడ, మంచు మీదనుంచి చూపు తిప్పకుండా.

మరునాడు తమ్ముడు సెలవు పెట్టి నన్ను నగరం చూపించడానికి తీసుకెళ్లాడు. పోర్ట్ క్రెడిట్‌లో గో రైలెక్కి యూనియన్ స్టేషన్‌లో దిగి, నేలమాళిగ దారుల్లోంచే నడిచి, గొప్ప ఆటగాళ్లను గౌరవించే మ్యూజియం హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరుకున్నాం. అది 1885లో కట్టిన పాత బ్యాంకు భవనం. పైన రంగుటద్దాల గుమ్మటం, కింద ఇక్కడి పెద్ద హాకీ లీగు విజేతలకిచ్చే స్టాన్లీ కప్పు, గోడల పొడవునా గాజుపలకల మీద ఆటగాళ్ల ముఖాలు. గుడిలోకి వచ్చినట్టు జనం గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

నేను ఎక్కువసేపు నిలబడింది గోల్‌కీపర్ల ముసుగుల దగ్గర. గంటకు వంద మైళ్లకు దగ్గరగా వచ్చే గట్టి రబ్బరు బిళ్లకు ముఖం అడ్డుపెట్టి దశాబ్దాల పాటు ఆడారు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో జాక్ ప్లాంట్ ముఖానికి పక్ తగిలి చీరుకుపోతే, కుట్లు వేయించుకుని, ముసుగు ఉంటేనే మళ్లీ దిగుతానని పట్టుబట్టాడు. ఆయన కోచ్‌కు ముసుగంటే ఇష్టం లేదు. ముసుగు పెట్టుకున్నవాడు పక్‌కు భయపడతాడని అప్పటి నమ్మకం. మరి దానికి ముప్పై రెండేళ్ల ముందే, 1927లో, క్వీన్స్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టు గోల్‌కీపర్ ఎలిజబెత్ గ్రాహమ్ కత్తిసాము ముసుగు పెట్టుకుని ఆడింది. పళ్లు కాపాడుకోవాలనుకుంది, కాపాడుకుంది. మగవాళ్లకు ఆ మాత్రం తెలివిని ఒప్పుకోవడానికి ఇంకో మూడు దశాబ్దాల నెత్తురు కావలసివచ్చింది.

హెల్మెట్ కథ కూడా అంతే. 1979లో కొత్తగా చేరేవాళ్లకు తప్పనిసరి చేశారు. పాతవాళ్లకు మినహాయింపు ఇస్తే, చివరి మనిషి 1997 దాకా ఉత్త తలతోనే ఆడాడు. ఆ తరువాత కళ్లకు అడ్డుపెట్టుకునే పారదర్శక కవచాన్ని వెక్కిరించారు. ప్రతిసారీ కొత్త రక్షణను మొదట వాడినవాణ్ణి మగతనం లేనివాడన్నారు. ఇప్పుడవి లేకుండా ఎవరైనా మంచు మీదికి వస్తే పిచ్చివాడంటారు. పౌరుషానికి కొలబద్ద ఇన్నిసార్లు మారినా, తిట్టు మాత్రం ఆడదాని పేరు మీదే నిలిచిపోయింది.

డేనియల్, హెన్రిక్ సెడిన్‌ల పలకల దగ్గర మా తమ్ముడు ఆగిపోయాడు. స్వీడన్ కవలలు. వాంకూవర్ జట్టుకు కలిసి వచ్చి, కలిసి ఆడి, 2018లో కలిసే విరమించుకున్నారు. 2022లో కలిసే ఈ గోడ మీదికి చేరారు. హెన్రిక్ 2010లో లీగు మొత్తంలో ఎక్కువ పాయింట్లు సాధించాడు, మరుసటి ఏడు డేనియల్ సాధించాడు. కొట్టినా తిరిగి కొట్టేవాళ్లు కాదు. తప్పుచేసిన ఎదుటి జట్టు ఒక మనిషి తక్కువగా ఆడవలసిన ఆ రెండు నిమిషాల్లో గోల్ వేసేవాళ్లు. అదే వాళ్ల జవాబు.

దానికి అభిమానులు వాళ్లకిచ్చిన పేరు 'సెడిన్ సిస్టర్స్'. షికాగో ఆటగాడొకడు రేడియోలో కూడా అన్నాడు. 2011 ఫైనల్ ఆరో మ్యాచ్‌లో బోస్టన్ ఆటగాడు బ్రాడ్ మార్చండ్ డేనియల్ ముఖం మీద వరసపెట్టి గుద్దాడు. డేనియల్ చేయెత్తలేదు. ఎందుకు కొట్టావని అడిగితే, కొట్టాలనిపించింది కాబట్టి అన్న ధోరణిలో మార్చండ్ జవాబిచ్చాడు. ఏడో మ్యాచ్ ఓడాక నగరంలో అల్లర్లు జరిగాయి, కార్లు తగలబడ్డాయి. తప్పు ఆ ఇద్దరి 'మెతకతనం' మీదికే తోశారు. ఆ మెతక హెన్రిక్ వరుసగా 679 మ్యాచ్‌లు ఒక్కటీ తప్పకుండా ఆడిన మనిషి.

"నేను కూడా అనేవాణ్ణి అక్కా" అన్నాడు తమ్ముడు.

వాడు కెనడా వచ్చిన రెండో ఏడు అది. ఆఫీసులో ఒక్కడే తెలుగువాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ హాకీ మాట్లాడుకుంటుంటే వీడికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పక్ ఎటు పోతోందో కూడా కంటికి ఆనేది కాదు. ఆటలో మొదట నేర్చుకున్నది నియమం కాదు, తిట్టు. ఒకరోజు 'సిస్టర్స్' అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఒకతను భుజం తట్టాడు. "ఆ రోజు మొదటిసారి వాళ్లలో ఒకణ్ణి అయ్యాననిపించింది. దానికి ఆట తెలియనక్కరలేదు. ఆ మాట అర్థం మనకు పుట్టినప్పటినుంచీ తెలిసిందే కదా."

వాడి మాట విన్నాక చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. సముద్రాలు దాటి, భాష మార్చుకుని, చలికి ఒళ్లు అలవాటు చేసుకుని, చివరికి కొత్త దేశంలో కాలు నిలదొక్కుకోవడానికి వాడికి ఇంటినుంచి తెచ్చుకున్న ఆ పాత తిట్టే పనికొచ్చింది.

2011లోనే ఇంకొకటి జరిగింది. జట్టులో కొట్టుకోవడానికే ఉంచే ఆటగాళ్లను ఎన్‌ఫోర్సర్లంటారు. వాళ్లను మెతకవాళ్లని ఎవరూ అనలేదు. ఆ మే నెలలో డెరెక్ బూగార్డ్ చనిపోయాడు, ఇరవై ఎనిమిదేళ్లకు. ఆగస్టులో రిక్ రిపియన్, ఇరవై ఏడేళ్లకు. అదే నెలాఖరున వేడ్ బెలాక్, ముప్పై అయిదేళ్లకు. బూగార్డ్ మెదడును పరీక్షిస్తే తలకు పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో కనిపించే జబ్బు బయటపడింది. జనం లేచి చప్పట్లు కొట్టిన ప్రతి గుద్దూ ఎవరో ఒకరి తలకు తగిలినదే. శనివారం రాత్రి నా కడుపులో తిప్పినదానికి ఇక్కడ కారణం దొరికింది.

బయటికి వచ్చే ముందు ఏంజెలా జేమ్స్ పలక దగ్గరికి తీసుకెళ్లమన్నాను. టొరంటో అమ్మాయి. 2010లో, ఈ గోడ మీదికి మొదటిసారి ఇద్దరు స్త్రీలు వచ్చినప్పుడు వారిలో ఒకరు. 1990లో ఒట్టావాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచ పోటీల్లో ఐదు మ్యాచ్‌లలో పదకొండు గోల్స్ వేసింది. ఆ పోటీల్లో కెనడా అమ్మాయిలకు గులాబీ రంగు జెర్సీలు ఇచ్చారు. ఒంటితో ఢీకొట్టే బాడీ చెక్‌కు కూడా అనుమతి ఉంది. గులాబీ చొక్కాల్లోనే ఎదుటివాళ్లను రింక్ అంచు చెక్కగోడల మీదికి గుద్దుతూ బంగారు పతకం గెలిచారు. తరువాత మహిళల ఆటలో బాడీ చెక్‌ను నిషేధించారు. ఇప్పుడు, 2024 జనవరి 1న మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగులో ఆ ఢీకొట్టడానికి మళ్లీ చాలావరకు చోటిచ్చారు. ఆ ఏప్రిల్‌లో మాంట్రియల్, టొరంటో మహిళల మ్యాచ్‌కు 21,105 మంది వచ్చారు. మొన్న మూడు కొట్లాటలు జరిగింది కూడా ఆ స్టేడియంలోనే.

సాయంత్రం మెట్రోలో కాలేజ్ స్టేషన్‌కు వెళ్లాం. అక్కడి పాత స్టేడియం మేపుల్ లీఫ్ గార్డెన్స్ కింది అంతస్తు ఇప్పుడు కిరాణా దుకాణం. అరల మధ్య నేల మీద ఒక ఎర్రటి చుక్క ఉంటుంది, ఒకప్పుడు రింక్ నడిమధ్య అదే. తమ్ముడు దాని మీద నిలబడి ఫోటో తీయమన్నాడు. తీశాను. పాలు, బ్రెడ్డు కొనుక్కుని రైలెక్కాం.

గురువారం రాత్రి ఫైనల్, బోస్టన్‌లో. మళ్లీ అమెరికాయే. ఈసారి ఇంట్లో మేము నలుగురమే. కొట్లాటలు లేవు. మేనకోడలు ఎవరెక్కడ ఖాళీగా ఉన్నారో నాకు చూపిస్తూ కూర్చుంది. పక్‌ను కాకుండా ఖాళీ చోటును చూడాలట, ఆట అక్కడ ఉంటుందట. నిజంగానే ఆ రాత్రి నాకు ఆట కనిపించడం మొదలైంది. రెండు రెండుగా సమానమై అదనపు సమయంలోకి వెళ్లింది. ఒకచోట మార్నర్ పక్‌తో మళ్లీ అంచున ఉన్నాడు. తమ్ముడు సగం లేచి నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. కూతురి వంక చూశాడు.

"పాస్ ఇవ్వు నాయనా" అన్నాడు చివరికి. "ఎవరికైనా ఇవ్వు."

ఇచ్చాడు. గోల్ ముందు ఒంటరిగా నిలబడ్డ కానర్ మెక్‌డేవిడ్‌కు. మేనకోడలు గోల్ పడకముందే లేచి నిలబడింది.