రికవరీ డైరీ, ఆరో వారం: ఐస్ టబ్బు మూలకు చేరింది

పెద్ద అథ్లెట్లను చూసి వాత పెట్టుకున్నట్టే అయింది నా పని. వారానికి నాలుగు రోజులు పరుగు, రెండు రోజులు బరువులు. ఏది చేసినా చివరికి ఐస్ టబ్బులో కూర్చోవడమే. థర్మామీటరు 12 డిగ్రీలు చూపించాక దిగి 10 నిమిషాలు. మొదటి నిమిషం నరకం: ఊపిరి ఎగదన్నుతుంది, పళ్లు టకటకలాడతాయి. మూడో నిమిషానికి కాళ్లు మొద్దుబారి, అదో రకం హాయి.

నొప్పులు తగ్గిన మాట నిజమే. కానీ స్క్వాట్ (భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం) 60 కిలోల దగ్గర నాలుగు వారాలు కదల్లేదు. అప్పుడు కాస్త చదివాను. ఆస్ట్రేలియా పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో, 12 వారాలు బరువులెత్తి ప్రతిసారీ చన్నీళ్లలో కూర్చున్నవాళ్లకు కండ, బలం మిగతావాళ్లకంటే తక్కువగా పెరిగాయి. కండ పెరగమని శరీరానికి అందే సంకేతాలనే ఆ చల్లదనం మందగింపజేస్తోందట. పొద్దున హీట్స్ (ఫైనల్‌కు ముందు జరిగే వడపోత పరుగులు), సాయంత్రం ఫైనల్ ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు కావలసింది ఆ పూటకు కాళ్లు తేలికపడటం. నాకేమో ఫైనలూ లేదు, పాడూ లేదు!

అందుకే గత రెండు వారాలుగా బరువుల రోజున టబ్బు బంద్. ఆరు గంటల నిద్రను ఎనిమిదికి లాగాను. ఫోన్ పక్క గదిలో పెట్టడమే అన్నిటికంటే కష్టమైంది. స్టాన్‌ఫర్డ్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు కొన్ని వారాలు రాత్రికి 10 గంటలు మంచం మీద గడిపితే, వాళ్ల స్ప్రింట్ సగటు 16.2 సెకన్ల నుంచి 15.5కు దిగింది. నాకంత సీను లేదు. అయినా 400 మీటర్ల రిపీట్లలో (మధ్యలో ఆగుతూ అదే దూరం మళ్లీ మళ్లీ పరిగెత్తడం) ఆరోది 1:59 నుంచి 1:54కు వచ్చింది, లేవగానే చూసే పల్స్ 61 నుంచి 57కు. స్క్వాట్ 62.5. ఇందులో టబ్బు మానేసినందుకెంత, నిద్రకెంత అంటే చెప్పలేను. రెండూ ఒకేసారి మార్చడం నా తప్పే.

పరుగుకు ముందూ వెనకా బరువు చూసుకుంటున్నాను. కిలో తగ్గితే లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా, మెల్లగా తాగాలి.

ఆదివారం దిగుడు బాటలో పరిగెత్తాను. మంగళవారం మెట్లు రెయిలింగ్ పట్టుకుని పీతలా పక్కకు దిగాల్సి వచ్చింది. ఇది లాక్టిక్ యాసిడ్ పని కాదు, అది గంట, రెండు గంటల్లోనే పోతుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపుతుంది కదా, అప్పుడు పడే సన్నటి గాయాలివి.

వచ్చే వారం శని, ఆదివారాలు వరుసగా రెండు రేసులు. శనివారం సాయంత్రానికి మాత్రం టబ్బు మళ్లీ బయటికి తీస్తాను.