చెవికి వేసిన మందు పొట్టలో చేసే పని

పాపకి చెవినొప్పి అని తెలిస్తే చాలు, వీడియో కాల్‌లో మా అమ్మ మొదట అడిగేది ‘యాంటీబయాటిక్ మొదలుపెట్టారా?’ అనే. ఇక్కడి డాక్టరేమో పాప వయసు, జ్వరం చూసి, ‘నొప్పికి మందు ఇస్తూ రెండు మూడు రోజులు ఆగుదాం’ అంటారు. అమ్మ భయం ఉత్తినే వచ్చింది కాదు. చెవిలో చీము పట్టి వినికిడి పోయిన పిల్లల్ని ఆవిడ కళ్లారా చూసింది. అయినా ఈ విషయంలో నేను డాక్టర్ పక్షమే. ఎందుకో అమ్మకీ, పాపకీ ఒకేసారి తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

‘నోట్లో వేస్తే చెవి ఎక్కడుందో మందుకెలా తెలుస్తుంది?’ అని పాప అడిగింది. చక్కటి ప్రశ్న. మందుకేమీ తెలియదు. అమోక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ జీర్ణాశయంలోని ఆమ్లానికి పెద్దగా పాడవకుండా చిన్నపేగు చేరుతుంది. తిన్న ప్రొటీన్ల తునకలను లోపలికి లాక్కునే వాహకాలు ఆ పేగు గోడలో ఉంటాయి. ఈ మందు రూపం ఆ తునకలను పోలి ఉంటుంది కాబట్టి దీన్నీ లాక్కుంటాయి. గంట, రెండు గంటల్లో రక్తంలో దాని మోతాదు గరిష్ఠమవుతుంది. ఇక ఒళ్లంతా తిరుగుతుంది, అందులో చెవి కూడా ఒకటి. ఆ తర్వాత సుమారు గంటకోసారి సగానికి తగ్గుతూ, ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది. రోజుకి రెండు మూడుసార్లు వేళ తప్పకుండా వేయమనేది అందుకే.

రక్తంలోకి వెళ్లకుండా పేగులో మిగిలిన మందు కిందికి, కోట్లాది బాక్టీరియా కాపురముండే పెద్దపేగుకి వెళ్తుంది. చెవిలో చెడ్డదేదో, పేగులో మంచిదేదో దానికి తేడా లేదు. బైఫిడోబాక్టీరియా వంటి మంచివి తగ్గిపోతాయి. మనకు అరగని పీచును పులియబెట్టి, పేగు గోడకు ఇంధనమయ్యే ఆమ్లాలను తయారుచేసే పని మందగిస్తుంది. ఆ ఆమ్లాలు తగ్గితే పేగు నీటిని సరిగా పీల్చుకోలేదు, విరేచనాలు పలచబడతాయి. అమోక్సిసిలిన్‌కి తోడుగా క్లావులనేట్ అనే మరో మందు కలిపి ఇస్తే ఇది మరీ ఎక్కువ. చాలా బాక్టీరియా కొన్ని వారాల్లో తిరిగి పెరుగుతాయి, కొన్నింటికి నెలలు పడుతుంది. ఈలోపు మందుకి లొంగనివి బలపడతాయి.

అందుకే ఎవరైనా ఇక్కడికి వస్తుంటే వాళ్ల సూట్‌కేసులో యాంటీబయాటిక్ స్ట్రిప్పులు పంపుతానని అమ్మ అంటే వద్దని గట్టిగా చెప్పాను. డాక్టర్ రాస్తే మాత్రం చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులూ వేస్తాం. నీళ్ల విరేచనాలు ఆగకపోయినా, మలంలో రక్తం కనిపించినా, ఒంటిమీద దద్దుర్లు లేచినా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేస్తాం. ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా నేరుగా ఎమర్జెన్సీకే.